పిల్లల దగ్గు, రొంప, ఆయాసం: ఏ లక్షణానికి ఏ ఇంటి మందు, ఎక్కడ ఆగాలి

కషాయం పొయ్యి మీద పెట్టే ముందు బిడ్డ చొక్కా పైకెత్తి ఊపిరి చూడండి. నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పిల్లలకు 60, ఆపైన ఏడాది లోపు వాళ్లకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. ఊపిరి ఈ లెక్కకు చేరినా, దాటినా న్యుమోనియా అని అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోతున్నా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రెండు నెలలు నిండని బిడ్డకు జ్వరం వచ్చినా అంతే. కింద చెప్పేవన్నీ ఈ లక్షణాలు లేని పిల్లలకే.

ముక్కు కారడం, తుమ్ములు, కాస్త దగ్గు

కారణం: చాలావరకు వైరస్. జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగవచ్చు. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఏం చేయాలి: ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప తులసి రసం కూడా వద్దు. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు చాలు. రెండేళ్లు దాటిన పిల్లలకు నాలుగైదు తులసి ఆకులు, చిన్న శొంఠి ముక్క గ్లాసు నీళ్లలో వేసి సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా రెండు మూడు చెంచాలు తాగించండి. మిరియాల ఘాటు పసివాళ్ల గొంతు ఓర్చుకోలేదు. మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టించకండి, గిన్నె ఒలికితే ఒళ్లు కాలుతుంది.

రాత్రి పడుకోగానే పొడి దగ్గు

కారణం: ముక్కులోని నీరు గొంతులోకి జారి గరగర పుట్టించడం.

ఏం చేయాలి: ఆయుర్వేదం దగ్గును వాత, పిత్త, కఫ, క్షతజ (లోపలి గాయం వల్ల వచ్చేది), క్షయజ (శరీరం క్షీణించడం వల్ల వచ్చేది) అని ఐదు రకాలుగా చెప్పింది. మన ఇళ్లలో మాత్రం అన్నిటికీ ఒకే ఘాటు కషాయం. పొడి దగ్గుకు శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపి ఇస్తే గొంతు ఇంకా మండుతుంది. ఇక్కడ కావాల్సింది మెత్తబరిచేది. ఏడాది నిండిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె బాగా పనిచేస్తుంది, ఆధునిక పరిశోధనలూ దీన్ని సమర్థిస్తున్నాయి. తేనెను వేడి చేయవద్దని ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు చరకుడే చెప్పాడు, కాబట్టి మరిగే కషాయంలో పోయకండి. ఏడాది లోపు బిడ్డ నాలుకకు తేనె రాయడం కూడా వద్దు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఛాతీలో కఫం గురగుర

ఇక్కడ అడ్డసరానికి మంచి పేరుంది, అది ఊరికే రాలేదు. దగ్గు సిరప్‌లలో వాడే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం. అంత శక్తి ఉన్న ఆకు కాబట్టే పసరు పిండి ఉగ్గుగిన్నెతో పోయకూడదు, మోతాదు వైద్యుడే చెప్పాలి. సితోపలాది చూర్ణం అనే ఆయుర్వేద పొడి సౌమ్యమైనది. కలకండ 16 పాళ్లు, వంశలోచనం (వెదురు లోపల దొరికే తెల్లటి పదార్థం) 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. సగానికి పైగా చక్కెరే, అందుకే పిల్లలు ఇష్టంగా నాకుతారు. అలాగని రోజుకు నాలుగుసార్లు పెట్టకండి. ఆసవాలు, అరిష్టాలు అనే ఆయుర్వేద ద్రవ మందులను పులియబెట్టి చేస్తారు, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. చిన్నపిల్లలకు మనంతట మనం పోయకూడదు. కఫం తీస్తామని గొంతులో వేలు పెట్టడం, డొక్కల మీద వాతలు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

పిల్లికూతలు, ఆటలో ఆయాసం, తెల్లవారుజామున దగ్గు

కారణం: ఉబ్బసం కావచ్చు. గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి, లోపల వాస్తుంది.

ఏం చేయాలి: డాక్టరు రాసిన ఇన్‌హేలర్ వాడాలి. అది అలవాటైపోతుందనే భయం అక్కర్లేదు, మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి మోతాదు తక్కువే పడుతుంది. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేపమందు వేయించినా సరే, ఇన్‌హేలర్ ఆపకండి. మూలికలు దీనికి తోడుగానే, బదులుగా కాదు.

ఆడుతూ తింటూ ఉన్నట్టుండి దగ్గు

పల్లీయో శెనగగింజో ఊపిరిగొట్టంలోకి పోయి ఉండొచ్చు. కాసేపటికి దగ్గు తగ్గినా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే దగ్గు

ఇంట్లో పొగ చూడండి. స్నానం అయ్యాక వేసే సాంబ్రాణి ధూపం, దోమల కాయిల్, అగరొత్తులు, తాతయ్య బీడీ. పసిబిడ్డ ఊపిరికి ఇవన్నీ ఒకటే. ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటుంటే మానండి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రెండేళ్ల లోపు పిల్లలకు రాయకండి. కర్పూరం కొంచెం నోట్లోకి పోయినా ఫిట్స్ రావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుతో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించాలి.

సిరప్‌ల సంగతికొస్తే, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. ఆయుర్వేద మందైతే లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉన్న సీసానే కొనండి. పేరు లేని పొట్లాలు, భస్మాలు (లోహాలు, ఖనిజాలు కాల్చి చేసే పొడులు) కలిసిన మందులు పిల్లలకు వద్దు, వాటిలో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఏ మూలిక ఎన్ని రోజులు ఇచ్చారో దాచకుండా చెప్పండి.