లెక్క సరిపోయినా కార్డు తిప్పి చూడండి

టెక్సస్‌లో, పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే నర్సింగ్ హోమ్‌లో నేను రాత్రి షిఫ్టు నర్సుని. ఇక్కడ మాత్రలు దొంగతనంగా మాయమైతే ఎలా కనిపెట్టాలో, ఏం చేయాలో కొత్తగా చేరే మన తెలుగు నర్సుల కోసం రాస్తున్నాను.

హైడ్రోకోడోన్, మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందులు, ఆందోళన తగ్గించే లోరజెపామ్ లాంటి అలవాటు పడే మందులు మెడ్ కార్టులో, అంటే మందుల బండిలో, విడిగా తాళం వేసిన అరలో ఉంటాయి. షిఫ్టు మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు కలిసి లెక్కపెడతారు. ఒకరు లెక్క పుస్తకం చదువుతుంటే ఇంకొకరు కార్డు, అంటే గుంటకో మాత్ర పెట్టి వెనక రేకు అంటించిన అట్ట, చూస్తారు, అదీ ముందు వైపే. మీరు వెనక్కి తిప్పండి. రేకు సన్నగా చీలి, పైన టేపు అంటించి ఉందా? ఆ గుంటలో హైడ్రోకోడోన్ బదులు తెల్లటి కోల ఎసిటమినోఫెన్ (మామూలు పారాసెటమాల్) మాత్ర ఉండొచ్చు. లెక్క మాత్రం చక్కగా సరిపోతుంది! మాత్ర మీది ముద్ర చదివితేగానీ బయటపడదు.

కాగితంతో పాటు మనిషినీ చూడండి. రాత్రి రెండింటికి నొప్పి మాత్ర ఇచ్చినట్టు రికార్డులో ఉంటుంది, పెద్దావిడేమో తెల్లవార్లూ తుంటి పట్టుకుని మూలుగుతూనే ఉంటుంది. నొప్పికి ఒంటి మీద అంటించే, మూడు రోజులుండాల్సిన ఫెంటనిల్ ప్యాచ్ మర్నాటికే కనబడదు. ప్యాచ్ ఊడిపోయి కూడా ఉండొచ్చు, నిజమే. కానీ ఒకే మనిషి డ్యూటీలో పదే పదే ఇలా జరుగుతుంటే ఊరుకోకూడదు.

తేడా కనబడితే లెక్క పుస్తకంలో సంతకం పెట్టకండి, తాళంచెవులు తీసుకోకండి. "ముందు పెట్టెయ్, తర్వాత చూద్దాం" అంటారు. పెట్టారా, అది మీ మెడకు చుట్టుకుంటుంది. దిగే నర్సు ఇంకా అక్కడ ఉండగానే సూపర్‌వైజర్‌ని పిలవండి. పెద్దావిడ నొప్పి సంగతి డాక్టరుకి చెప్పండి. ఆ కార్డును ఎవరినీ పారేయనివ్వకండి. తేదీ, టైము, మందు, మోతాదు, పుస్తకంలో ఎన్ని, కార్డులో ఎన్ని అన్నవి రాయండి. కళ్లారా చూడకుండా ఎవరి పేరూ రాయొద్దు. చార్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారంటే ఉద్యోగానికే ఎసరు.

డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌కీ, అడ్మినిస్ట్రేటర్‌కీ చెప్పగానే మన పని అయిపోదు. నేరం జరిగిందని అనుమానించడానికి తగిన కారణం ఉంటే రాష్ట్ర సంస్థకూ పోలీసులకూ తెలియజేయాలని ఫెడరల్ చట్టం ఉద్యోగుల మీదే బాధ్యత పెట్టింది. ఎవరికైనా తీవ్రమైన హాని జరిగితే 2 గంటల్లో, లేకపోతే 24 గంటల్లో. టెక్సస్‌లో హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ ఫిర్యాదుల నంబరు 1-800-458-9858. ఫిర్యాదు చేశారని ఉద్యోగంలోంచి తీసేయడం, వేధించడం కుదరదు. ఆ మాట చెప్పే నోటీసు అందరికీ కనబడేలా పెట్టాలని కూడా చట్టంలో ఉంది.

అమ్మనో నాన్ననో ఇక్కడ ఉంచిన పిల్లలైతే నర్సింగ్ హోమ్‌లో ఉండేవాళ్ల తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్‌కి చెప్పొచ్చు, డబ్బేమీ అడగరు. టెక్సస్‌లో 1-800-252-2412. వేరే రాష్ట్రంలో ఉంటే ఎల్డర్‌కేర్ లొకేటర్ 1-800-677-1116కి ఫోన్ చేస్తే మీ దగ్గరి వాళ్ల నంబరు ఇస్తారు. ఎక్కడికి ఫోన్ చేసినా ఫిర్యాదు నంబరు అడిగి, మాట్లాడినవాళ్ల పేరుతో సహా రాసి పెట్టుకోండి.