కుట్టు దారాలకు ఇంట్లోనే రంగు: కరక్కాయ, పటిక, బంతిపూలు

నూలు దారం ఆకుల, పూల రంగును దానంతట అది పట్టుకోదు. పట్టుకైతే పటిక నీళ్లు చాలు. నూలుకు మాత్రం ముందు కరక్కాయ పట్టించాలి. కరక్కాయలోని వగరు నూలును పట్టుకుంటుంది, ఆ వగరును పటిక, పటికను రంగు. పెడన, శ్రీకాళహస్తి కలంకారీలో బట్టకు చేసేది కూడా ఇదే. అక్కడ కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలుపుతారు, గీసిన గీత బట్ట మీద పాకకుండా. మనం దారాన్ని మొత్తంగా ముంచుతాం కాబట్టి పాలు అక్కర్లేదు.

ఇక్కడి లెక్కలన్నీ 50 గ్రాముల దారానికి. చిన్న డిజిటల్ కాటా ఉండాలి, చెంచా కొలతలతో అదే రంగు రెండోసారి రాదు. దారం పూర్తిగా నూలుదే అయివుండాలి. అనుమానముంటే ఒక పోగు కాల్చి చూడండి: నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. స్టీలు గిన్నెలే వాడండి, ఇనుప మూకుడు ప్రతి రంగునూ నల్లబరుస్తుంది. ఒకసారి రంగుకు వాడిన గిన్నె మళ్లీ వంటకు వద్దు.

దారాన్ని రెండు కుర్చీల వీపుల చుట్టూ చుట్టి, ఆ చిలపను నాలుగుచోట్ల ఎనిమిది అంకె ఆకారంలో తెల్ల నూలుతో కట్టండి. ముడి కింద వేలు దూరేంత వదులు ఉండాలి. బిగిస్తే అక్కడ రంగు దిగక తెల్ల మచ్చ మిగులుతుంది. కట్టకుండా వేస్తే ఆ చిక్కు విప్పడానికి ఒక పూట పడుతుంది.

తర్వాత ఉడకబెట్టడం. ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎక్కువగా చెడేదీ ఇక్కడే. రెండు లీటర్ల నీళ్లలో 2 గ్రాముల బట్టల సోడా (వంటసోడా కాదు), రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి సన్న మంట మీద గంటసేపు ఉంచండి. తెల్లగా కనిపించే దారం నుంచి కూడా నీళ్లు పసుపుపచ్చగా దిగుతాయి, అదంతా నూలులోని మైనం, మురికి. బాగా జాడించి ఆరాక దారం మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకాలి. ముత్యంలా నిలబడితే మైనం ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఉడకబెట్టండి.

10 గ్రాముల కరక్కాయ పొడిని వేడి నీళ్లలో కలిపి, పల్చటి బట్టతో వడకట్టి, రెండు లీటర్లు చేయండి. తడి దారాన్ని రాత్రంతా అందులో నానబెట్టండి. తీశాక జాడించకుండా పిండి, నీడలో ఆరేయండి. దారం వెన్న రంగుకు తిరుగుతుంది.

పటిక 8 గ్రాములు. గుమ్మానికి దిష్టికి కట్టే పటికే సరిపోతుంది కానీ, ఎర్రటి చారలున్న ముక్క వద్దు, ఆ చార ఇనుము. దంచి, మరిగే నీళ్లలో పూర్తిగా కరిగించి, రెండు లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో పోసి, తడిపిన దారాన్ని వేయండి. ఇది కూడా రాత్రంతా. పొద్దున ఒక్కసారి జాడిస్తే చాలు.

ఇప్పుడు రంగు. దసరా, బతుకమ్మ రోజుల్లో బంతిపూలకు కొదవ ఉండదు. 200 గ్రాముల పచ్చి పూల రేకలను రెండు లీటర్ల నీళ్లలో 45 నిమిషాలు ఉడికించి వడకట్టండి. వేడి తగ్గి గోరువెచ్చగా అయ్యాక తడి దారాన్ని వేసి, అరగంటలో మెల్లగా వేడి పెంచండి. మరగనివ్వకుండా ఇంకో 45 నిమిషాలు ఉంచి, ఆ రసంలోనే చల్లారనివ్వండి. పొడి దారాన్ని వేస్తే, లేదా చిన్న గిన్నెలో కుక్కితే మచ్చలు పడతాయి. గరిటెతో గుండ్రంగా తిప్పితే చిలప చిక్కుపడుతుంది, కర్రతో ఎత్తి దించాలి.

ఎరుపు కావాలంటే ఆయుర్వేద దుకాణంలో మంజిష్ఠ వేరు పొడి దొరుకుతుంది. 50 గ్రాముల పొడిని పల్చటి బట్టలో మూటకట్టి వేయండి, లేకపోతే ఆ నలుసులు పోగుల మధ్య ఇరుక్కుని వదలవు. వేడి 70 డిగ్రీలు దాటకూడదు. దాటితే వేరులోని గోధుమ రంగు కూడా దిగి ఎరుపు మసకబారుతుంది. ఎండిన దానిమ్మ తొక్క 50 గ్రాములు మట్టి పసుపు ఇస్తుంది.

వంటింటి పసుపు మాత్రం వద్దు. గిన్నెలో ఎంతో కాంతిగా ఉంటుంది, ఎండ తగిలిన కొద్దీ వెలిసిపోతుంది. పైగా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. బీట్‌రూట్ అయితే ఉతుకుకే ఆగదు.

ఒకే దారంలో రెండు రంగులు కావాలంటే అన్నభేది (ఐరన్ సల్ఫేట్, ఇనుప లవణం). అర గ్రాము అన్నభేదిని లీటరు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, బంతి పసుపు ఎక్కిన తడి చిలపలో సగాన్ని ముంచి పట్టుకోండి. చూస్తుండగానే పసుపు పాచి రంగులోకి దిగుతుంది. నీళ్లు దారం వెంట పైకి ఎగబాకుతాయి, అందుకే మీరు అనుకున్న హద్దుకు రెండు అంగుళాలు కిందే ఆపండి. చిలపను కొద్దికొద్దిగా పైకీ కిందికీ ఆడిస్తుంటే గీత పడదు. మూడు నిమిషాలు చాలు, వెంటనే జాడించండి. ఎక్కువైతే ఇనుము నూలును తినేస్తుంది, కొన్నాళ్లకు కుట్టు పోగులుపోగులుగా తెగుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పొడిని పిల్లలకు అందనివ్వకండి.

చుట్టు ఎంత పొడవుండాలో ఇక్కడే లెక్కకు వస్తుంది. సూదికి ఒక మూర దారం ఎక్కిస్తాం. చిలప చుట్టుకొలత రెండు మూరలైతే ప్రతి రంగూ మూర పొడవు వస్తుంది, ఒక్కో సూదికి ఒకే రంగు పడవచ్చు. ప్రతి సూదిలో రెండూ కనిపించాలంటే చుట్టు ఒక మూరే ఉండాలి. అందుకు మొదట్లోనే కుర్చీలకు బదులు 22 సెంటీమీటర్ల అట్ట మీద చుట్టి, ముంచేముందు తీసేయండి. గొలుసుకుట్టు దారాన్ని ఎక్కువ మింగుతుంది కాబట్టి అందులో రంగులు దగ్గరదగ్గరగా మారతాయి, కాడకుట్టులో పలచగా సాగుతాయి.

బోరు నీళ్లతో పసుపు ఎప్పుడూ మురికిగానే వస్తుంటే తెల్ల బకెట్టు అడుగు చూడండి. తుప్పు చారలుంటే నీళ్లలో ఇనుము ఉంది. వాన నీళ్లు పట్టుకోండి, లేదా ఫిల్టరు నీళ్లు వాడండి.

చివరగా కుంకుడు రసంలో ఉతికి, నీళ్లు తేరేదాకా జాడించి, చిలపను రెండు చేతులతో విదిలించి లాగి, నీడలో ఆరేయండి. కుట్టేముందు ఒక పోగును తడిపి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె నొక్కండి. గుడ్డకు రంగు అంటితే మళ్లీ జాడించాలి. అట్టకు చుట్టేటప్పుడు దారం బరువు, పువ్వు బరువు, తేదీ దాని వెనకే రాసిపెట్టండి.