వారం మాత్ర రోజూ వేసుకోకుండా

చీటీలో ‘డి3 60కె’ (60,000 యూనిట్ల విటమిన్ డి3 క్యాప్సూల్) అని ఉంటే అది సాధారణంగా వారానికొకటి, 8 వారాలు. షుగరు, బీపీ మాత్రలతో కలిపి రోజూ మింగేవాళ్లు మందుల షాపులో మాకు తరచూ కనిపిస్తారు. 60,000 యూనిట్లంటే 1,500 మైక్రోగ్రాములు. డాక్టరు చెప్పకుండా పెద్దలు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు.

పనిచేసిన ఉపాయం ఒకటే: స్ట్రిప్ వెనక రేకు మీద, ఒక్కో క్యాప్సూల్ దగ్గర వేసుకోవాల్సిన తేదీ మార్కరుతో రాసి, రోజువారీ మాత్రల డబ్బాలో పెట్టకుండా విడిగా ఉంచడం. ఇది కొవ్వులో కరిగే విటమిన్, పరగడుపున వద్దు. నెయ్యో నూనో ఉన్న భోజనం తర్వాత మేలు.

ఇప్పటికే రోజూ వేసుకుంటున్నారా? వెంటనే ఆపి, కాల్షియం మాత్రలూ ఆపి, డాక్టరును కలవండి. రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), 25-హైడ్రాక్సీ విటమిన్ డి (ఒంట్లో విటమిన్ డి ఎంతుందో తెలిపేది) చూస్తారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మలబద్ధకం, మగతగా ఉండటం కాల్షియం పెరిగిన గుర్తులు. వీటితో ఆలస్యం చేయకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి, ఆపాక కూడా వారాల తరబడి ప్రభావం పోదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, డిగాక్సిన్ (గుండె మందు) లేదా థయజైడ్ (బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువ చేసే మందు) వాడేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.