మొటిమల జెల్‌తో ముఖం పొట్టు లేచిపోతుంటే నేను మార్చుకున్నవి

డాక్టర్ రాసిచ్చిన 0.1 శాతం అడాపలీన్ జెల్ మొదలుపెట్టిన రెండో వారానికే ముక్కు పక్కల, పెదాల మూలల్లో చర్మం పొట్టులా లేచింది. నవ్వితే చురుక్కుమనేది. చన్నీళ్లు తగిలినా మంట. పొట్టు పోవాలని సున్నిపిండితో రుద్దాను. అదే పెద్ద తప్పు, సాయంత్రానికి బుగ్గలు ఎర్రగా కందిపోయాయి.

మళ్లీ వెళ్లి అడిగితే డాక్టర్ జెల్ మానొద్దన్నారు, వాడే పద్ధతి మార్చమన్నారు. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలట. నేనేమో మొటిమ మొటిమకీ దట్టంగా పూసేదాన్ని! రోజు విడిచి రోజు, రాత్రిపూట మాత్రమే. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక ముందుగా ముక్కు పక్కల, పెదాల మూలల్లో కాస్త వాసెలిన్. తర్వాత మాయిశ్చరైజర్, దాని మీద జెల్, పైన మళ్లీ మాయిశ్చరైజర్. సెరమైడ్లు (చర్మంలో తేమ పోకుండా ఆపే కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న, వాసన లేని క్రీమ్ నాకు బాగా పడింది. స్క్రబ్, నిమ్మరసం, మామూలు సబ్బు పూర్తిగా మానేశాను. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి.

పది రోజుల్లో మంట తగ్గింది. పొట్టు ఆగడానికి నెల పట్టింది. మొటిమలు తగ్గడం మూడో నెలలో గానీ కనిపించలేదు, కాబట్టి మధ్యలో టెన్షన్ పడి ఆపేయకండి. కానీ ముఖం వాచినా, నీరు కారినా వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించండి. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.