అడవి పిట్టల్ని గుర్తుపట్టడం – పాఠం 4: నీడలో ఉండే నీలి పిట్ట

పోయిన పాఠంలో తోటలో పిట్ట కనపడగానే దాని మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్ ఎత్తడం సాధన చేశాం. అడవిలో అది రెండో మెట్టు. ముందు చెవితో వెతకాలి.

ఈసారి మన పిట్ట టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్. పిచ్చుకంత ఉంటుంది. నల్లమలలో, తలకోనలో ఏడాది పొడవునా ఉంటుంది, అయినా చాలామంది దాని పక్క నుంచే నడిచిపోతారు. అందరూ తలెత్తి పై కొమ్మల్లో వెతుకుతారు. ఇదేమో కింద, వాగు పక్కన పొదల్లో, వెదురు నీడలో ఎక్కువగా ఉంటుంది.

పాట చిన్నది. సన్నగా, చిరుగంట మోగినట్టు అరడజను స్వరాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. ముందు దిగుతూ వచ్చి చివర్లో పైకి లేస్తాయి. వినపడగానే అటు పరుగెత్తకండి. నిలబడండి, మళ్లీ పాడుతుంది. తల కొద్దికొద్దిగా తిప్పుతూ దిక్కు తేల్చుకోండి. ఆ తర్వాత రంగు కోసం కాదు, కదలిక కోసం చూడండి: కొమ్మ మీద నుంచి చటుక్కున లేచి పురుగును అందుకుని మరో కొమ్మ మీద వాలుతుంది. పాట ఆగి 'టిక్ టిక్' మొదలైతే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం. రెండడుగులు వెనక్కి వేయండి.

ఇప్పుడు బైనాక్యులర్. నీడలో నీలం నల్లగా కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. గొంతు చూడండి. మగపిట్టకు గొంతు, రొమ్ము నారింజ రంగు, పొట్ట తెలుపు. రెండూ కలిసేచోట గీత గీసినట్టుంటుంది. ఆడపిట్టకూ ఇదే వరస, కాకపోతే వెలిసిన రంగులు. గొంతు నీలంగా ఉండి నారింజ రొమ్ము దగ్గర మొదలైతే అది చలికాలంలో వచ్చే బ్లూ త్రోటెడ్ ఫ్లైక్యాచర్ కావచ్చు. అసలు నారింజే లేకుండా రొమ్ము కూడా నీలమైతే బ్లాక్ నేప్డ్ మోనార్క్ ఏమో చూడండి, మగదానికి మెడ వెనక నల్లమచ్చ ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫోన్‌లో దాని పాట వినిపించి పిలవకండి. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని మేత మానేసి తిరుగుతుంది. గూడు కట్టే రోజుల్లో ఒక ఫొటో కోసం దాన్నలా అలసిపోనివ్వడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఈ వారం సాధన: పొద్దున్నే, అనుమతి ఉన్న దారిలో, నీళ్లకు దగ్గర్లో అరగంట కూర్చోండి. పాట, కూర్చున్న ఎత్తు, గొంతు రంగు నోట్‌బుక్‌లో రాయండి. పేరు చివర్లో రాయండి. వచ్చే పాఠంలో చలికాలపు ఫ్లైక్యాచర్లు.