ఫ్రేజల్ వెర్బ్స్ పాఠం 7: పుట్ ఆఫ్ అంటే వాయిదా ఒక్కటేనా?

పోయిన పాఠంలో ‘కాల్ ఆఫ్’ అనే ఫ్రేజల్ వెర్బ్ (క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరినది) చూశాం కదా, 2020 వింబుల్డన్‌కీ టోక్యో ఒలింపిక్స్‌కీ కాల్ ఆఫ్ వాడొచ్చా అన్న ఆ హోంవర్క్ సంగతి ముందు తేల్చేద్దాం. 2020లో వింబుల్డన్ అసలు జరగలేదు కాబట్టి "దే కాల్డ్ ఆఫ్ వింబుల్డన్" కరెక్టే. టోక్యో ఒలింపిక్స్‌కి మాత్రం ఆ మాట కుదరదు. ఏడాది ఆలస్యంగానైనా 2021లో జరిగాయిగా! రద్దయితే కాల్ ఆఫ్, వెనక్కి జరిగితే పుట్ ఆఫ్.

అంత దూరం ఎందుకు, మన విజయవాడ, గుంటూరు కార్పొరేషన్ ఎన్నికలే చూడండి. 2020 మార్చిలో జరగాల్సినవి, కరోనా వచ్చి ఆగిపోయి, చివరికి 2021 మార్చి 10న జరిగాయి. "దే పుట్ ఆఫ్ ద ఎలక్షన్స్." ఇది జరిగిపోయిన విషయమే అయినా పుట్ మారలేదు, గమనించారా? పుట్ ఎప్పుడూ పుట్టే, ‘పుట్టెడ్’ అని వాడితే ఇంటర్వ్యూలో అవతలివాళ్ళు మొహాలు చూసుకుంటారు. ఎప్పటికి వాయిదా వేశారో చెప్పాలంటే టిల్ పెట్టండి, "పుట్ ఆఫ్ టిల్ మండే." ఎంతకాలం అనేదానికి ఫర్, "పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్."

ఇక మనందరికీ అలవాటైన పోస్ట్‌పోన్. అర్థం అదే, తప్పేమీ లేదు, ఆఫీసు లెటర్‌లో అదే రాయండి. ఫ్రెండ్‌తో మాట్లాడేటప్పుడు కూడా పోస్ట్‌పోన్ అంటుంటే మాత్రం సర్క్యులర్ చదివినట్టుంటుంది, అక్కడ పుట్ ఆఫ్ హాయిగా ఉంటుంది. డిఫర్ అయితే ఇంకా బిగదీసుకున్న మాట, ఫీజు, అడ్మిషన్, నిర్ణయం లాంటి వాటికి సరిపోతుంది.

అసలు చిక్కంతా మన ‘వాయిదా’తోనే. పెళ్ళి వాయిదా పడుతుంది, కోర్టులో కేసు వాయిదా పడుతుంది, ఫ్రిజ్ కొని వాయిదాల్లో కడతాం, అన్నిటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో అలా కాదు. మొదలైన విచారణనో సభనో మధ్యలో ఆపి మళ్ళీ ఇంకో రోజు పెట్టుకుంటే అడ్జర్న్. ఫ్రిజ్ వాయిదాలు ఇన్‌స్టాల్‌మెంట్లు, వాటికీ పుట్ ఆఫ్‌కీ సంబంధమే లేదు (కట్టకుండా దాటేస్తే తప్ప!). విజయవాడ జంక్షన్‌లో రైలు రెండు గంటలు లేటని మైకులో చెబితే అది డిలే, ఎవరో కావాలని వెనక్కి జరిపింది కాదు కాబట్టి పుట్ ఆఫ్ అనకూడదు. షెల్వ్ అని ఇంకోటుంది, దీనికి మన దగ్గర బ్రహ్మాండమైన మాట ఉంది, అటకెక్కించడం. మళ్ళీ ఎప్పుడు దించుతారో తెలియని ప్రాజెక్టులకు వాడుకోండి.

ఇప్పుడు గ్రామర్ దగ్గర రెండే విషయాలు, కానీ ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వరదొస్తే భవానీ ఐలాండ్‌కి బోట్లు ఆపేస్తారు కదా, అప్పుడు "వియ్ పుట్ ఆఫ్ ద ట్రిప్" అన్నా "వియ్ పుట్ ద ట్రిప్ ఆఫ్" అన్నా సరే. ట్రిప్ బదులు ఇట్ వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి, "వియ్ పుట్ ఇట్ ఆఫ్." పుట్ ఆఫ్ ఇట్ అనేది లేదు.

రెండోది, పుట్ ఆఫ్ తర్వాత క్రియ వస్తే దానికి ఇంగ్ తగిలించాలి. గుంటూరులో ఏటా కనిపించేదే ఉదాహరణగా తీసుకుందాం. యార్డులో మిర్చి రేటు పడిపోతే, ఆగగలిగిన రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మేయకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర పెరుగుతుందేమోనని చూస్తాడు. "ద ఫార్మర్స్ పుట్ ఆఫ్ సెల్లింగ్." టు సెల్ కాదు, సెల్లింగ్. ఇక్కడ ప్రొక్రాస్టినేట్ అనే పెద్ద మాట దించకండి, అది బద్ధకంతో రేపు రేపంటూ గడిపేవాడి గురించి, రైతు చేసేది లెక్క వేసుకుని చేసే పని.

మనిషిని పుట్ ఆఫ్ చేయడం కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాడుక ఇదే. బాకీ అడగడానికి వెళ్తే ఇవాళ కాదు రేపు రండని తిప్పించుకుంటారే, "హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్." ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్ళు గుర్తుందా? దెయ్యాన్నే పుట్ ఆఫ్ చేసిన ఘనత మనది.

మనిషే వచ్చినా కొన్నిసార్లు వాయిదా ఊసే ఉండదు. ఢిల్లీ నుంచి వచ్చిన కొలీగ్‌ని బ్రాడీపేటలో మెస్‌కి తీసుకెళ్ళారనుకోండి, ఎర్రటి ఊరగాయ చూడగానే ఆయనకి తినాలన్న ఉత్సాహం పోయింది. "ద కలర్ పుట్ హిమ్ ఆఫ్." మనసు విరగడం, వెగటు పుట్టడం, వెనకడుగు వేయించడం అన్నీ ఇందులోకే వస్తాయి. డిస్కరేజ్, డిస్గస్ట్ దగ్గరి మాటలే గానీ మొదటిది కాస్త మెత్తన, రెండోది మరీ ఘాటు. అలా వెగటు పుట్టించేదాన్ని ఆఫ్ పుటింగ్ అంటారు. లైట్ ఆర్పమనడానికి మన దగ్గర చాలామంది పుట్ ఆఫ్ అంటారు, దానికి స్విచ్ ఆఫ్ వాడటం మేలు.

హోంవర్క్ మూడు వాక్యాలు. పిన్ని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం వాయిదా వేస్తూనే ఉంది. బీసెంట్ రోడ్డులో ఆ చీర నచ్చింది గానీ రేటు చూసి వెనక్కి తగ్గాను. పరీక్ష రద్దు కాలేదు, జూన్‌కి జరిపారు. మూడో దాంట్లో ఈ పాఠం, పోయిన పాఠం రెండూ పట్టాలి. వచ్చే పాఠం ‘పుట్ అప్ విత్’, అందులో ఇట్ ఎక్కడ కూర్చుంటుందో ముందే ఊహించి రాసి పెట్టుకోండి.