పాత కారుకు ఎలక్ట్రిక్ ఫ్యాను, 4వ పాఠం: గాలి ఎటు పోతోంది?

ఈసారి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కనెక్షన్లు చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో. 3వ పాఠం చూసి ఫ్యాను బిగించినవారిలో చాలామందిది ఒకే గోడు: ఫ్యాను తిరుగుతోంది, చప్పుడూ బాగానే వస్తోంది, అయినా నీళ్ళు మరుగుతున్నాయి. ఒకరు మేడారం వెళ్ళారు. హనుమకొండ నుంచి ములుగు దాకా ఇంజన్ వేడి చూపే ముల్లు కదలలేదట. పస్రా దాటి జాతర బళ్ళ వరుసలో చిక్కుకోగానే ఎర్రగీతను తాకిందట. రోగం పట్టుకోవడానికి ఈ ఒక్క లక్షణం చాలు. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడితే ఆ భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. మీ ఫ్యాను తిరుగుతోంది కానీ మోయడం లేదు.

ఇంజన్ ఆపండి. లేకపోతే ఇంజన్ తిప్పే బెల్టు ఫ్యాను గాలి కలిసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను ఒక్కదాన్నే తిప్పి, గ్రిల్లు ముందు దినపత్రిక కాగితం సగం చించి పట్టండి. కాగితం గ్రిల్లుకు అతుక్కుని నిలిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. మీ వైపు ఎగిరితే గాలి తిరగబడింది. అతుక్కున్నట్టే అతుక్కుని జారిపోతే మాత్రం అసలు చిక్కు అక్కడే ఉంది.

తప్పు నా పాఠంలోనే ఉంది. రేడియేటర్ వెనక చోటు చాలకపోతే ముందు బిగించమన్నాను. వెనక ఉండి గాలిని లాగే ఫ్యాను వేరు, ముందు ఉండి నెట్టే ఫ్యాను వేరు అని రాయలేదు. మీలో ఎక్కువమంది పాత సామాన్ల దుకాణంలో మారుతి 800 ఫ్యాను తెచ్చారు. అది రేడియేటర్ వెనక ఉండి లాగడానికి చేసినది. దాన్ని అదే ముఖంతో ముందు వైపు బిగిస్తే రేడియేటర్‌లోని వేడిగాలిని బయటికి, ఎదురుగాలికి అడ్డంగా తోస్తుంది.

అప్పుడు మెకానిక్ రెండు తీగలూ అటుదిటు మారుస్తాడు. మోటారు ఎదురు తిరుగుతుంది, గాలి కూడా ఇంజన్ వైపు మళ్ళుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ గాలి బలం తగ్గిపోతుంది. రెక్కను చేతిలోకి తీసుకుని చూడండి, ఒక వైపు గుంటగా, ఒక వైపు ఉబ్బుగా ఉంటుంది. గుంట వైపు గాలిని తోయాలి. తొట్టి నీళ్ళలో అరచేతిని కాస్త వంచి నెట్టండి, తర్వాత అదే చేతి వెనకభాగంతో నెట్టండి. తేడా మీకే తెలుస్తుంది. కాగితం జారిపోయింది అందుకే.

ఇంకొందరు తీగలు మార్చకుండా రెక్కల చక్రాన్ని ఇరుసు నుంచి ఊడదీసి తిరగేసి బిగించారు. అలా చేస్తే గాలి దిశ మారనే మారదు. ఇది ఎంత చెప్పినా నమ్మరు కాబట్టి ఒక నట్టు తీసుకోండి. బోల్టుకు ఎక్కించండి, కుడివైపు తిప్పితే బిగుస్తుంది. తీసి, తలకిందులు చేసి ఎక్కించండి. ఇప్పుడు కూడా కుడివైపే బిగుస్తుంది. మర వాలు తిరగేసినా మారదు, రెక్క వాలూ అంతే. తిరగేస్తే మారేది గుంట ఉన్న వైపు మాత్రమే. అందుకే చక్రం తిరగేయడం, తీగలు మార్చడం రెండూ కలిపి చేయాలి. ఒక్కటే చేస్తే చేసిన శ్రమంతా వృథా. చక్రం తిరగేయడానికి వీలులేని ఫ్యాను అయితే మొత్తం ఫ్యానునే తిప్పి, గాలి వదిలే ముఖం రేడియేటర్ వైపు ఉండేలా కొత్త పట్టీలు చేయించుకోండి. నన్నడిగితే, రెండు అంగుళాల చోటు సంపాదించి అయినా వెనకే పెట్టమంటాను. ముందున్న ఫ్యాను దారిలో ఎదురుగాలికి అడ్డమే.

మరో సంగతి, బ్యాటరీ తీగల గురించి. మీ పాత కారు అంబాసిడర్ అయితే, దానికి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ కాలపు బ్రిటిష్ బళ్ళలో బ్యాటరీ ప్లస్ తీగను బాడీకి కలపడం మామూలే. మీది చాలా పాత బండి అయితే బాడీకి ఏ తీగ వెళ్ళిందో చూసుకున్నాకే ఫ్యాను తీగలు కలపండి.

ఇక రిలే. బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 30 నంబరు పిన్నుకు, 87 నుంచి ఫ్యానుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయండి. ఇగ్నిషన్ నుంచి సన్న తీగ 86కు. 85 నుంచి రేడియేటర్‌లోని థర్మో స్విచ్ (వేడికి తనంతట తానే కలిసే స్విచ్) మీదుగా బాడీకి. స్విచ్ 92 డిగ్రీల దగ్గర కలిసి 87 డిగ్రీల దగ్గర విడిపోయేది తీసుకోండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న తీగకు ఏ రక్షణా లేదు. నేనైతే థర్మో స్విచ్‌తో పాటు డ్యాష్‌బోర్డు కింద ఒక మీట కూడా పెడతాను. రైల్వే గేటు దగ్గర ముల్లు పైకి పోకముందే ఫ్యాను వేసుకోవచ్చు. కరెంటు తయారీకి పాతకాలపు డైనమో ఉన్న బండికి మాత్రం ముందు దాని బదులు ఆల్టర్నేటర్ వేయించండి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో ఇచ్చే కరెంటు దాదాపు శూన్యం, ఫ్యాను అడిగేది సరిగ్గా అప్పుడే.

అభ్యాసం: మూడు రోజులు, మధ్యాహ్నం రెండింటికి, బండిని పది కిలోమీటర్లు నడిపి వచ్చి ఎండలోనే అరగంట ఇంజన్ ఆడనివ్వండి. అయిదు నిమిషాలకొకసారి ముల్లు ఎక్కడుందో, ఫ్యాను ఎన్నిసార్లు వేసుకుందో రాయండి. ఫ్యాను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్యాను ప్లగ్గు దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. తేడా అర వోల్టు దాటితే ముందు ఎర్త్ తీగ (బాడీకి కలిపే తీగ) బిగించిన చోట రంగు గీకి చూడండి. ఆ మూడు రోజులూ రేడియేటర్ మూత వేడిలో తెరవొద్దు.